టైటానియా మీద బంగారు నానోకణాలు నిలిపే పద్ధతి

ఘన ఆధారం మీద లోహ నానోకణాలున్న ఉత్ప్రేరకం కావాలంటే లోహ లవణాన్ని నీళ్లలో కరిగించి, ఆధారపు పొడికి పట్టించి, ఆరబెట్టి, కొలిమిలో కాల్చితే చాలుననే అభిప్రాయం ప్రయోగశాలలో కొత్తగా అడుగుపెట్టిన వారిలో తరచుగా కనిపిస్తుంది. ప్లాటినం, పల్లాడియం వంటి లోహాలకు ఈ దారి చాలావరకు పనికొస్తుంది కూడా. బంగారాన్ని అదే దారిలో నడిపిస్తే పెద్ద పెద్ద గడ్డలు మిగులుతాయి, వాటికి ఉత్ప్రేరక గుణం దాదాపు ఉండదు. బంగారం చర్యల్లో పాల్గొనని లోహమన్న పేరు అంతకాలం నిలవడానికి ఇదొక ముఖ్య కారణం. 1987లో జపాన్‌లోని ఒసాకాలో మసటాకే హరుటా బృందం ఇనుము, కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్లతో కలిపి అవక్షేపించిన బంగారం −70 డిగ్రీల సెల్సియస్ వద్ద సైతం కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరిస్తుందని ప్రకటించిన తర్వాతే ఆ పేరు చెదిరింది.

ఇక్కడ వివరించేది టైటానియా, అంటే టైటానియం డయాక్సైడ్ పొడి, మీద బంగారాన్ని నిక్షేపణ-అవక్షేపణ పద్ధతిలో, అంటే ద్రావణానికి క్షారం కలిపి అందులోని బంగారం ఆధారపు ఉపరితలం మీదే దిగేలా చేసి, నిలపడం. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆధారం మీద కణాలు ఏర్పడే క్రమంలో ఏ దశలో ఏది చెడుతుందో బంగారం చూపించినంత స్పష్టంగా మరే లోహమూ చూపించదు. పైగా చాలా దశల్లో ఆ మార్పు రంగు రూపంలో కంటికే కనిపిస్తుంది.

ముందుగా పరిమాణం సంగతి. 3 నానోమీటర్ల బంగారు కణంలో సుమారు 830 పరమాణువులుంటాయి, వాటిలో దాదాపు 40 శాతం ఉపరితలం మీదే ఉంటాయి. 10 నానోమీటర్ల కణంలో పరమాణువులు 30 వేలు దాటుతాయి, కానీ ఉపరితలం మీదికి వచ్చేవి 12 శాతానికి మించవు. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సీకరణలో కణం అంచు, అంటే బంగారమూ టైటానియా కలిసే గీత, ముఖ్యమైన చోటు కాబట్టి కణం పెరిగిన కొద్దీ నష్టం ఈ లెక్క చెప్పేదానికంటే ఎక్కువగానే ఉంటుంది. మన లక్ష్యం 2 నుంచి 4 నానోమీటర్ల మధ్య కణాలు.

ఈ పరిమాణం కొలిమిలో నిర్ణయమవుతుందని చాలామంది భావిస్తారు. నా అభిప్రాయంలో కొలిమికి మిగిలేది చిన్న పాత్రే. బంగారం ద్రావణంలో ఏ రూపంలో ఉంది, ఆధారానికి ఏ రూపంలో అంటుకుంది, దాని వెంట ఎంత క్లోరైడ్ వచ్చింది అన్న మూడు విషయాలే కణం పరిమాణాన్ని చాలావరకు తేల్చేస్తాయి. అందుకే కింద పీహెచ్ గురించీ కడగడం గురించీ ఎక్కువగా, కొలిమి గురించి తక్కువగా చెప్పడం జరిగింది.

మామూలు తడిపే పద్ధతి ఎందుకు పనికిరాదు

ఇంప్రెగ్నేషన్ అనే తడిపే పద్ధతిలో ఆధారం రంధ్రాల్లో పట్టేంత ద్రావణాన్ని మాత్రమే పోసి ఆరబెడతారు. ఆధారానికి గట్టిగా అంటుకోని అయాన్లు నీరు ఆవిరయ్యే కొద్దీ నీటితో పాటు కదిలి, చివరి తడి ఎక్కడ మిగిలితే అక్కడ పోగవుతాయి. ఉప్పునీరు ఆరిన గిన్నె అంచున తెల్లటి చార మిగిలినట్టే. పైగా బంగారపు లవణంగా వాడే క్లోరోఆరిక్ ఆమ్లంలోని ప్రతి బంగారు అయాన్ నాలుగు క్లోరైడ్లను వెంట తెస్తుంది. ఈ పద్ధతిలో కడిగే దశ ఉండదు కనుక ఆ క్లోరైడ్ అంతా ఆధారం మీదే ఉండిపోతుంది. వేడి చేసినప్పుడు క్లోరైడ్ బంగారాన్ని ఉపరితలం మీద కదిలేలా చేసి, చిన్న సమూహాలను ఒకదానితో ఒకటి కలిపేస్తుంది. పైగా చర్య జరగవలసిన చోట్లను కూడా అది ఆక్రమిస్తుంది.

దీనికి బంగారపు సొంత బలహీనత తోడవుతుంది. లోహ పరమాణువులు స్వేచ్ఛగా కదలడం మొదలుపెట్టే ఉష్ణోగ్రతను సుమారుగా లెక్కించడానికి, కెల్విన్లలో ద్రవీభవన స్థానంలో సగం తీసుకోవడం ఆనవాయితీ. దీన్ని టామన్ ఉష్ణోగ్రత అంటారు. ప్లాటినానికి అది 750 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటే, బంగారానికి 395 డిగ్రీల వద్దే వస్తుంది. నానోకణాలకు ద్రవీభవన స్థానం ఇంకా తగ్గుతుంది కాబట్టి అసలు హద్దు అంతకంటే కిందే ఉంటుంది.

ద్రావణం, పీహెచ్

ఒక గ్రాము టైటానియా, 100 మి.లీ. నీరు, గరిష్ఠంగా 2 శాతం బంగారం అన్న లెక్కతో చేద్దాం. టైటానియాకు పీ25 అనే వాణిజ్య రకం సౌకర్యంగా ఉంటుంది. అందులో అనటేజ్, రూటైల్ రూపాలు సుమారు 80, 20 పాళ్లలో ఉంటాయి, గ్రాముకు 50 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మూడు నీటి అణువులున్న క్లోరోఆరిక్ ఆమ్లపు బరువులో సగం బంగారమే కాబట్టి 20 మి.గ్రా. బంగారానికి 40 మి.గ్రా. లవణం కావాలి. ఈ పసుపు స్ఫటికాలు గాలిలోని తేమను పీల్చుకుని చూస్తుండగానే జిగటగా మారతాయి. అందువల్ల సీసా తెరిచిన ప్రతిసారీ కొద్దికొద్దిగా తూచడం కంటే, మొత్తాన్ని ఒకేసారి నీళ్లలో కరిగించి, తెలిసిన గాఢతతో ముదురు రంగు సీసాలో దాచుకుని, కావలసినంత పిపెట్‌తో తీసుకోవడం మేలు. స్టీలు గరిటె వాడకూడదు. ఇనుము తగిలిన చోట బంగారం లోహంగా విడిపోతుంది, గరిటె కూడా పాడవుతుంది. ప్లాస్టిక్ లేదా గాజు గరిటె చాలు.

గాజు సామాను శుభ్రత గురించి ఒక మాట. పాత ప్రయోగం నుంచి బీకరు గోడల గీతల్లో, ముఖ్యంగా అయస్కాంత కడ్డీ గీతల్లో, మిగిలిన బంగారపు మరకలు కొత్త ద్రావణంలో కేంద్రకాలుగా, అంటే లోహం పేరుకోవడం మొదలయ్యే చోట్లుగా, పనిచేస్తాయి. బంగారం ఆధారం మీదికి పోకుండా వాటి మీద పేరుకుంటుంది. కాబట్టి పనికి ముందు వీటిని ఆక్వా రెజియాతో, అంటే ఒక పాలు నైట్రిక్ ఆమ్లం, మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన మిశ్రమంతో, ఫ్యూమ్ హుడ్‌లో కడగాలి. దాన్ని అప్పటికప్పుడు కలుపుకోవాలి, మూత బిగించి నిల్వ చేయకూడదు. తర్వాత డిస్టిల్డ్ నీటితో పలుమార్లు కడగాలి.

బంగారు ద్రావణాన్ని 100 మి.లీ.కి పలుచన చేసి 70 డిగ్రీలకు వేడి చేయాలి. అప్పుడు దాని పీహెచ్ 3 దగ్గర, రంగు లేత నిమ్మపసుపులో ఉంటుంది. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కలుగా కలుపుతూ పీహెచ్‌ను 8కి తేవాలి. మొత్తం 4 మి.లీ. దరిదాపుల్లో పడుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. క్షారం కలపగానే మీటరు 8 చూపించినా, బంగారం చుట్టూ ఉన్న క్లోరైడ్లు ఒక్కొక్కటిగా తొలగి హైడ్రాక్సైడ్లు ఆ స్థానంలోకి రావడానికి కొంత సమయం పడుతుంది. ఆ మార్పులో క్షారం ఖర్చవుతుంది కాబట్టి పీహెచ్ మళ్లీ 7కో, 6కో జారుతుంది. మళ్లీ కొన్ని చుక్కలు వేయాలి, మళ్లీ ఆగాలి. పీహెచ్ పది నిమిషాల పాటు కదలకుండా నిలిచే సరికి పసుపు రంగు దాదాపు పూర్తిగా పోయి ద్రావణం నీళ్లలా తేటగా కనిపిస్తుంది. రంగు పోవడమే క్లోరైడ్ వదిలిందనడానికి ఆనవాలు. పసుపు ఛాయ మిగిలి ఉండగా తర్వాతి దశకు వెళ్లకూడదు. ద్రావణంలో ఊదా ఛాయ కనిపిస్తే బంగారం అప్పటికే లోహంగా మారిందని అర్థం, దాన్ని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

పీహెచ్ 8 ఎందుకన్నది ఈ పద్ధతి మొత్తానికి కీలకమైన ప్రశ్న. టైటానియా ఉపరితలపు ఆవేశం సుమారు పీహెచ్ 6 వద్ద సున్నా అవుతుంది. అంతకంటే ఆమ్ల స్థితిలో ఉపరితలం ధనావేశంతో, క్షార స్థితిలో రుణావేశంతో ఉంటుంది. ద్రావణంలోని బంగారు సంక్లిష్టాలు, అంటే చుట్టూ క్లోరైడ్లో హైడ్రాక్సైడ్లో అంటుకుని ఉన్న బంగారు అయాన్లు, రుణావేశం గలవి. కాబట్టి పీహెచ్ 3 దగ్గర బంగారం ఆధారం మీదికి ఆశగా ఎక్కుతుంది, పీహెచ్ 8 దగ్గర చాలా భాగం నీళ్లలోనే ఉండిపోతుంది. మొదటిసారి చేసేవారికి ఇది చూసి పీహెచ్ తగ్గించాలనిపించడం సహజం. కానీ ఆమ్ల స్థితిలో ఎక్కిన బంగారం క్లోరైడ్లను వెంటబెట్టుకుని ఎక్కుతుంది, కాల్చాక పెద్ద గడ్డలవుతుంది. పీహెచ్ 8 వద్ద ఎక్కేది తక్కువే అయినా అది మూడు హైడ్రాక్సైడ్లతో, ఒకటి లేదా అంతకంటే తక్కువ క్లోరైడ్‌తో ఉన్న రూపం. అది టైటానియా మీది హైడ్రాక్సిల్ సమూహాలతో నేరుగా బంధం ఏర్పరచుకుంటుంది. ఎంత బంగారం ఎక్కిందన్న దానికంటే ఏ రూపంలో ఎక్కిందన్నదే ఇక్కడ ముఖ్యం. ఖరీదైన లోహం సగానికి పైగా వడపోత నీటిలోకి పోతుందంటే బాధగానే ఉంటుంది. కానీ ఉపయోగపడని గడ్డలుగా ఆధారం మీద ఉండటం కంటే, తిరిగి రాబట్టుకోగలిగిన ద్రావణంగా సీసాలో ఉండటం నయం.

ఇప్పుడు టైటానియాను వేసి, పీహెచ్ మరోసారి సరిచేసి, 70 డిగ్రీల వద్ద గంటసేపు బాగా కలపాలి. బీకరును అల్యూమినియం రేకుతో కప్పి వెలుతురు తగలకుండా చూడాలి. టైటానియా కాంతిని పీల్చుకుని ఎలక్ట్రాన్లను విడుదల చేసే పదార్థం కావడం వల్ల వెలుతురులో బంగారం అదుపు లేకుండా క్షయకరణం చెందుతుంది, అంటే ఎలక్ట్రాన్లను పొంది లోహంగా మారుతుంది.

బంగారం వృథా కాకూడదంటే యూరియా దారి ఉంది. పరిశోధకులు కేథరీన్ లూయీ, రొడోల్ఫో జనెల్లా తదితరులు 2002లో దీన్ని వివరంగా పరిశీలించారు. సోడియం హైడ్రాక్సైడ్‌కు బదులు 100 మి.లీ.కి రెండున్నర గ్రాముల యూరియా వేసి 80 డిగ్రీల వద్ద ఉంచితే, యూరియా మెల్లగా విచ్ఛిన్నమై ద్రావణమంతటా ఒకే వేగంతో పీహెచ్‌ను 7 వైపు పెంచుతుంది, బంగారం దాదాపు మొత్తం ఆధారం మీదికి చేరుతుంది. ఇందులో ఒక వింత ఉంది. మొదటి గంటలోనే బంగారమంతా దిగిపోయినట్టు విశ్లేషణ చెబుతుంది, కానీ అక్కడితో ఆపితే కాల్చిన తర్వాత కణాలు పెద్దవిగా వస్తాయి. కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా, అలాగే ఉంచితే అదే బంగారం చిన్న కణాలుగా మారుతుంది. పీహెచ్ పెరిగే కొద్దీ ఉపరితలం మీది అవక్షేపం విడిపోయి తిరిగి పరుచుకుంటుందని దీనికి చెప్పే వివరణ. నాకైతే ఎక్కువ బంగారం కావాలనుకునేవారికి యూరియా, క్షారంతో పీహెచ్‌ను ఓపికగా పట్టుకుని నేర్చుకోవాలనుకునేవారికి సోడియం హైడ్రాక్సైడ్ తగినవనిపిస్తుంది.

కడగడం

ఈ పనిలో అశ్రద్ధకు ఎక్కువగా గురయ్యే దశ ఇదే. ముద్దను సెంట్రిఫ్యూజ్‌లో విడదీసి, 50 డిగ్రీల వరకు వేడి చేసిన డిస్టిల్డ్ నీరు 100 మి.లీ. పోసి, పొడి ఉండలు లేకుండా పూర్తిగా చెదిరేలా పది నిమిషాలు కలిపి, మళ్లీ విడదీయాలి. గొట్టం అడుగున గట్టిపడిన ముద్ద మీద నీళ్లు పోసి పారబోస్తే అది కడగడం కాదు, లోపలి క్లోరైడ్ లోపలే ఉంటుంది. ఇలా కనీసం నాలుగుసార్లు చేయాలి.

చాలిందో లేదో సిల్వర్ నైట్రేట్ చెబుతుంది. పై తేటను పరీక్షనాళికలో తీసుకుని, ఒకటి రెండు చుక్కల సజల నైట్రిక్ ఆమ్లం కలిపి, ఆపై రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ ద్రావణం వేయాలి. మొదటి కడుగు నీటిలో పాలు విరిగినంత తెల్లదనం వెంటనే వస్తుంది. రెండో దానిలో పలుచని మసక. ఆ తర్వాత నల్ల కాగితం ముందు పట్టుకుని చూస్తే తప్ప తెలియని పొగలాంటి ఛాయ. ఆ ఛాయ కూడా రాకపోతేనే ఆపాలి. నైట్రిక్ ఆమ్లం వేయకపోతే కార్బొనేట్, హైడ్రాక్సైడ్ కూడా వెండితో అవక్షేపించి మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. యూరియా పద్ధతిలో ఇది మరీ ముఖ్యం. పోల్చి చూడటానికి పక్కన ఉత్త డిస్టిల్డ్ నీటికి కూడా ఇదే పరీక్ష చేయాలి, ఎందుకంటే నీళ్లలోనే క్లోరైడ్ ఉంటే ఎంత కడిగినా లాభం లేదు.

క్లోరైడ్‌ను త్వరగా తొలగించడానికి అమ్మోనియా నీటితో కడిగే విధానాలు కొన్ని ప్రచురణల్లో కనిపిస్తాయి. ఇక్కడ మనం వాడుతున్న త్రిసంయోజక (మూడు ధనావేశాల) బంగారం అమ్మోనియాతో కలిసి ఏర్పరచే పదార్థం ఆరిన తర్వాత రాపిడికే పేలుతుంది. ఈ పనిలో ప్రత్యేక అనుభవం ఉన్నవారి పర్యవేక్షణ లేకుండా ఆ దారి పట్టకూడదు.

ఆరబెట్టడం, కాల్చడం

కడిగిన ముద్దను వాక్యూమ్ ఓవెన్‌లో 60 నుంచి 100 డిగ్రీల మధ్య చీకటిలో ఆరబెట్టాలి. పొడి తెలుపు లేదా లేత పసుపు రంగులో ఉండాలి. వెలుతురు సోకిన వైపు మాత్రమే ఊదాగా మారితే కాంతి వల్ల క్షయకరణం మొదలైందన్న మాట. ఆరిన పొడిని వెంటనే కాల్చలేకపోతే తేమ చొరని డెసికేటర్ పాత్రలో చీకటిగా ఉంచాలి. తేమ తగిలినా బంగారం మెల్లగా కదిలి కూడుకుంటుంది.

కాల్చే దశలో బంగారానికి ఒక సౌలభ్యం ఉంది. దాని ఆక్సైడ్, హైడ్రాక్సైడ్ రెండూ అస్థిరమైనవి కనుక గాలిలో వేడి చేసినా చాలు, లోహంగా విడిపోతాయి. హైడ్రోజన్ తప్పనిసరి కాదు. అల్యూమినా పడవలో పొడిని పలుచగా పరిచి, ట్యూబ్ ఫర్నేస్‌లో గాలి ప్రవహిస్తుండగా నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 300 డిగ్రీలకు తీసుకెళ్లి నాలుగు గంటలు ఉంచాలి. గాలి ప్రవాహం ఎందుకంటే విడుదలయ్యే నీటి ఆవిరి, మిగిలిన క్లోరిన్ పొడి దగ్గర నిలవకూడదు. మూసలో మందంగా నింపి కాల్చితే పైపొర ఒక రకంగా, అడుగుపొర మరో రకంగా వస్తాయి.

ఈ వేడిలో జరిగేది ఇది. హైడ్రాక్సైడ్ రూపం విచ్ఛిన్నమై బంగారు పరమాణువులు ఒకటొకటిగా విడుదలవుతాయి, ఉపరితలం మీద కొద్దిదూరం సంచరించి ఆక్సిజన్ లోపించిన చోట్ల, మెట్ల అంచుల వద్ద చిక్కుకుంటాయి, అక్కడ కేంద్రకాలవుతాయి. చుట్టుపక్కల పరమాణువులు వచ్చి చేరి అవి పెరుగుతాయి. ఆ తర్వాత పెరుగుదలకు రెండు దారులు మిగులుతాయి. ఒకటి, కణాలే జరిగి ఢీకొని కలిసిపోవడం. రెండోది, చిన్న కణాల నుంచి పరమాణువులు ఊడి పెద్ద కణాలకు చేరడం. దీన్ని ఆస్ట్‌వాల్డ్ వృద్ధి అంటారు. 300 డిగ్రీల వద్ద కణాలు అర్ధగోళాకారంలో ఆధారానికి హత్తుకుని స్థిరపడతాయి. 600 డిగ్రీలకు తీసుకెళితే ఈ రెండు దారులూ తెరుచుకుని కణాలు తరచుగా 10 నానోమీటర్లు దాటతాయి.

వచ్చినదాన్ని పరీక్షించడం

కొలిమి నుంచి వచ్చిన పొడి ఊదా లేదా బూడిద కలిసిన నీలి రంగులో ఉంటుంది. ఎర్ర ఛాయో, ముదురు ఊదాయో చూసి కణాల పరిమాణం చెప్పేవారిని నమ్మనక్కర్లేదు, ఎందుకంటే బంగారం శాతం, ఆధారం స్వభావం కూడా రంగును మారుస్తాయి. ఎంత బంగారం ఎక్కిందో ఐసీపీ (ప్లాస్మా సాయంతో మూలకాల పరిమాణాన్ని కొలిచే) విశ్లేషణతో తేల్చుకోవాలి. వేసిన లెక్కను నివేదికలో ఫలితంగా రాయడం పెద్ద తప్పు.

స్ఫటికాల నుంచి ఎక్స్‌రేలు ఏ కోణాల్లో చెదురుతాయో చూసే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో ఒక ఉచ్చు ఉంది. రాగి ఎక్స్‌రేలతో బంగారపు ప్రధాన శిఖరం 38.2 డిగ్రీల కోణం వద్ద వస్తుంది. సరిగ్గా దానికి అటూ ఇటూ, 37.8, 38.6 డిగ్రీల దగ్గర, అనటేజ్ శిఖరాలుంటాయి. ఈ మూడూ కలిసిన గుట్ట వెడల్పును కొలిచి, శిఖరం వెడల్పు నుంచి కణ పరిమాణాన్ని లెక్కించే షెరర్ సూత్రంలో వేస్తే వచ్చే సంఖ్యకు అర్థం లేదు. బంగారపు శిఖరం ప్రత్యేకంగా, పదునుగా కనిపించిందంటే మాత్రం పెద్ద గడ్డలున్నాయని నిశ్చయంగా చెప్పవచ్చు. నమ్మదగిన కొలత ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుదే. వేర్వేరు చోట్ల తీసిన చిత్రాల్లో కనీసం రెండు మూడు వందల కణాలు కొలిచి పరిమాణ పంపిణీ గీయాలి. అందంగా వచ్చిన ఒక్క చిత్రాన్ని చూపించి 3 నానోమీటర్లని రాయడం సరికాదు. పంపిణీలో 3 దగ్గర ఒక శిఖరం, 10 దాటి మరొకటి ఉంటే కడగడంలోనో, పీహెచ్ స్థిరపరచడంలోనో లోపం ఉందని ముందుగా అనుమానించాలి, ఆ తర్వాతే కొలిమిని తప్పుపట్టాలి.

లోహమో, ఆధారమో మారితే

ఇదే వంటకాన్ని సిలికాకు అన్వయించకూడదు. సిలికా ఆవేశం పీహెచ్ 2 నుంచి 4 మధ్యే సున్నా అవుతుంది, కనుక పీహెచ్ 8 వద్ద దాని ఉపరితలం బలమైన రుణావేశంతో బంగారాన్ని తోసేస్తుంది. సిలికా మీదికి లోహాన్ని ఎక్కించాలంటే ధనావేశం గల సంక్లిష్టం ఎంచుకోవాలి. టెట్రా అమ్మైన్ ప్లాటినం లవణం పీహెచ్ 11 దగ్గర సిలికాకు చక్కగా అంటుకుంటుంది. గామా అల్యూమినాకు సున్నా ఆవేశ బిందువు 8 దగ్గర కాబట్టి క్లోరోప్లాటినిక్ ఆమ్లం ఆమ్ల స్థితిలో దానికి ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, గుళికల రూపంలో ఉన్న ఆధారానికి బయటి పొరలోనే ఆగిపోతుంది. లోపలి దాకా సమంగా చేరాలంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి దానికి పోటీ పెట్టాలి. అక్కడ క్లోరైడ్ శత్రువు కాదు. 1949 నుంచి పెట్రోలియం శుద్ధి కర్మాగారాల్లో వాడుకలో ఉన్న ప్లాటినం-అల్యూమినా రిఫార్మింగ్ (పెట్రోలు నాణ్యతను పెంచే ప్రక్రియ) ఉత్ప్రేరకంలో ఆధారానికి ఆమ్లగుణం ఇచ్చేది ఆ క్లోరైడే. ప్లాటినం, నికెల్ రెండింటికీ చివర్లో హైడ్రోజన్‌తో క్షయకరణం కావాలి.

చివరగా వ్యర్థాల సంగతి. మొదటి వడపోత నీటిలో సగానికి పైగా బంగారం ఉంటుంది, దాన్ని సింకులో పోయకుండా పేరు, తేదీ రాసిన ప్రత్యేక సీసాలో చేర్చాలి. వెండి పరీక్ష చేసిన నీటిని వేరే సీసాలో ఉంచాలి. ఈ రెండు సీసాల్లోకీ అమ్మోనియా ఉన్న ఏ ద్రావణమూ చేరకూడదు, ఆ హెచ్చరికను సీసా మీదే రాసి అంటించాలి.